ఎలక్టివ్‌గా ‘ఆధునిక వైద్యంలో ఫిజిక్స్’ తీసుకుని ఇరుక్కుపోయాను, చెన్నైలో ఎవరైనా చదివారా?

తాంబరం_లోకల్
సెకండ్ ఇయర్ కంప్యూటర్ సైన్స్. ఊరు ఒంగోలు దగ్గర, చదువు చెన్నైలో. ఓపెన్ ఎలక్టివ్ ఎంచుకునే రోజు సైట్ తెరుచుకునేసరికి మంచివన్నీ నిండిపోయాయి. మిగిలినవి రెండే: విపత్తు నిర్వహణ, ఆధునిక వైద్యంలో ఫిజిక్స్. పేరు చూస్తే కథలు చెప్పే సబ్జెక్టులా ఉంది, గట్టెక్కేస్తానని రెండోది నొక్కాను.

ఆరు వారాలైంది. సార్ స్లయిడ్ మీద స్లయిడ్ వేస్తారు, అందులో ఉన్నదే చదువుతారు. మధ్యలో "పురియుదా?" (అర్థమైందా?) అంటారు. ముందు బెంచీ తలూపుతుంది, ఇంకో స్లయిడ్. ఎక్స్‌రేకి ఎక్స్‌పొనెన్షియల్, అల్ట్రాసౌండ్‌కి ఇంపిడెన్స్, ఎమ్మారైకి లార్మర్ ఫ్రీక్వెన్సీ. ఒక్క మెషిన్ని కూడా కళ్ళతో చూసింది లేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళమని అడిగితే పర్మిషన్ రాదన్నారు.

ఇప్పుడు నెలాఖరుకి 20 మార్కుల మినీ ప్రాజెక్ట్. "నెట్‌లోంచి దించిన రిపోర్ట్ తెస్తే సున్నా, ఏదో ఒకటి చేసి చూపించాలి" అని షరతు. హాస్టల్ రూమ్‌లో నేను ఏ ఎమ్మారై చేసి చూపించను?

వేలచేరి_వెంకన్న
విపత్తు నిర్వహణ వదిలేసి నేరుగా విపత్తునే ఎంచుకున్నావన్నమాట.

బ్యాక్‌బెంచ్_భీముడు
నేను పోయినేడాది ఇదే చదివా, వేరే కాలేజీలో. క్లాసు మధ్యాహ్నం రెండింటికి. మెస్‌లో సాంబార్ సాదం తిన్నాక ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్. అంతకుమించి నాకేమీ గుర్తులేదు.

పాత_మేష్టారు
ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు అబ్బాయి దగ్గర అన్నానగర్‌లో ఉంటున్నాను. స్లయిడ్లు చదవడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ బాబూ, "కథలు చెప్పే సబ్జెక్టు" అనుకుని చేరావే, అది నీ తప్పు. లెక్క తీసేస్తే ఈ కోర్సులో మిగిలేది మెషిన్ల ఫొటోలే.

స్కాన్_సుబ్బలక్ష్మి
మేష్టారూ, నేను ఒప్పుకోను. పద్నాలుగేళ్ళుగా స్కాన్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. లెక్కలు ముందు పెట్టబట్టే పిల్లలు పారిపోతున్నారు.

తమ్ముడూ, నీకు తెలియకుండానే సగం సిలబస్ నీ ఇంట్లో ఉంది. మీ అక్కకో వదినకో కడుపులో స్కాన్ తీయించినప్పుడు తోడు వెళ్ళావా? లీటరు నీళ్ళు తాగించి బెంచీ మీద కూర్చోబెడతాం. "ఆగలేకపోతున్నా సిస్టర్" అని తలుపు కొడుతుంటారు, ఇంకాసేపు అంటాం. పేషెంట్‌ని ఏడిపించడానికి కాదు. పేగుల్లో గాలి ఉంటుంది. ధ్వని ఒంట్లోంచి వెళ్ళి గాలికి తగిలిందంటే దాదాపు మొత్తం వెనక్కి తిరిగి వచ్చేస్తుంది, దాని వెనకాల ఏముందో తెరమీద కనపడదు. యూరిన్ బ్లాడర్ నిండితే పేగుల్ని పక్కకి నెడుతుంది, నీళ్ళలోంచి ధ్వని హాయిగా పోతుంది. అది మాకు కిటికీ.

జెల్ కూడా అందుకే. ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య గాలి పొర కాగితమంత మందం ఉన్నా చాలు, తెర అంతా నల్లగా ఉంటుంది. మీ సార్ స్లయిడ్‌లోని ఇంపిడెన్స్ ఇదే. చల్లగా ఉందని ప్రతి పేషెంటూ తిడతారు, తిట్లు మాత్రం సిలబస్‌లో ఉండవు.

తాంబరం_లోకల్
అక్కా, ఈ ఒక్క పోస్టుతో నాకు నాలుగో యూనిట్ అయిపోయింది. మా సార్ జెల్ అన్న మాటే ఎత్తలేదు.

గూడూరు_పిల్ల
ఫిజిక్స్ తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. పోయినేడాది మా అమ్మమ్మకి గొంతు క్యాన్సర్. ఊళ్ళో అందరూ "చెన్నైలో కరెంటు పెడతారంట" అన్నారు. ఆవిడ నిజంగానే షాక్ కొడుతుందనుకుంది. మొదటిరోజు టేబుల్ మీద పడుకోబెట్టి, మొహానికి వల లాంటి మాస్క్ బిగించి, అందరూ బయటికెళ్ళి తలుపేసుకున్నారు. "నన్నొక్కదాన్నే వదిలేసి పారిపోయారే, అంత ప్రమాదమైతే నాకెందుకు పెట్టారు" అని బయటికొచ్చాక ఏడ్చింది. నా దగ్గర జవాబు లేకపోయింది. 33 రోజులు అలాగే వెళ్ళొచ్చింది. ఇప్పుడు బాగానే ఉంది.

గ్రే_లెక్కలు
నేను చేసేది ఆ పనే, రేడియోథెరపీ. మెడికల్ ఫిజిసిస్ట్‌ని, చెన్నైలోనే.

"కరెంటు పెట్టడం" అన్న మాట ఎవరు పుట్టించారో గానీ మాకు రోజూ దానితోనే యుద్ధం. తమిళంలోనూ ఇదే మాట. అమ్మమ్మగారి ఒంట్లోకి కరెంటు పోదమ్మా. మెషిన్ లోపల ఎలక్ట్రాన్లని దాదాపు కాంతి వేగానికి తోసి టంగ్‌స్టన్ ముక్కకి కొడతాం. అప్పుడు పుట్టే ఎక్స్‌రేలు గొంతు మీదికి వెళ్తాయి. మామూలు ఎక్స్‌రే కంటే చాలా శక్తి ఎక్కువ.

సాధారణంగా రోజుకి 2 గ్రే చొప్పున, వారానికి ఐదు రోజులు ఇస్తాం. గ్రే అంటే కిలో కండకి ఒక జౌల్. దీన్ని వేడి కింద లెక్కేస్తే 2 గ్రేకి ఒళ్ళు డిగ్రీలో వెయ్యో వంతు కూడా వేడెక్కదు. గుక్కెడు కాఫీ తాగితే అంతకంటే ఎక్కువ వేడి. చర్మం నల్లబడటం, నోరు పుండ్లు పడటం నిజమే, కానీ ఆ పని వేడిది కాదు. కిరణాలు కణంలోని డీఎన్‌ఏని తెంచుతాయి. మంచి కణం రాత్రికి రాత్రి చాలావరకు అతుకు వేసుకుంటుంది, క్యాన్సర్ కణానికి ఆ నేర్పు తక్కువ. అందుకే ఒకేసారి ఇవ్వకుండా 33 రోజులు తిప్పుతాం.

ఇక తలుపు వేసుకుని పారిపోయేది... అమ్మమ్మగారికి అది 33 సార్లు. మేము రోజూ యాభైమందికి తలుపు వేస్తాం. లోపలే ఉండిపోతే మా గతేమిటి? కాంక్రీటు గోడ వెనక కెమెరాలో చూస్తూనే ఉంటాం. చెయ్యి ఎత్తితే ఆపేస్తాం. ఆ సంగతి పేషెంట్‌కి ముందే చెప్పాలి. చెప్పలేదంటే అది మావాళ్ళ తప్పే.

గూడూరు_పిల్ల
ఇది అమ్మమ్మకి చదివి వినిపించా. "కాఫీ కంటే తక్కువా? మరి నాలుక అలా ఎందుకు మండిందిరా" అంటోంది.

గ్రే_లెక్కలు
నాలుక కణాలు చకచకా పుడుతూ చస్తూ ఉంటాయి. అలాంటివాటికే దెబ్బ ముందు తగులుతుంది. నమస్కారాలు చెప్పండి ఆవిడకి.

వేలచేరి_వెంకన్న
తరమణిలో ప్రోటాన్ సెంటర్ ఉంది కదా, అక్కడా ఇదేనా?

గ్రే_లెక్కలు
అపోలో వాళ్ళది, 2019లో మొదలైంది. దక్షిణాసియాలో అదే మొదటిది. అక్కడ ఎక్స్‌రే బదులు ప్రోటాన్లు. ఎక్స్‌రే దారి పొడుగునా ఎంతో కొంత వదులుతూ అవతలి వైపుకి కూడా పోతుంది. ప్రోటాన్ పోతూ పోతూ నెమ్మదిస్తుంది, ఆగేచోట తన శక్తిలో ఎక్కువ భాగం దించేసి అక్కడే ఆగిపోతుంది. గడ్డ వెనక వెన్నుపాము ఉంటే దాన్ని చాలావరకు కాపాడుకోవచ్చు. మనవాళ్ళకి చెప్పాలంటే, ఎక్స్‌రే ప్రతి స్టాపులో ఆగే ఎంటీసీ బస్సు, ప్రోటాన్ చివరి స్టాపు దాకా ఆగని ఎక్స్‌ప్రెస్సు. అలాగని ప్రతి క్యాన్సర్‌కీ ప్రోటానే మేలనుకోవద్దు. ఖర్చు మామూలు ఖర్చు కాదు.

ఒక_నాన్న
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబు ఆరేళ్ళవాడు, మంచం మీంచి పడితే తలకి సీటీ తీశారు. అంతా నార్మల్. కానీ బావమరిది "సీటీ అంటే వందల ఎక్స్‌రేలు, పిల్లాడికి ఎందుకు తీయించావు" అంటున్నాడు. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

గ్రే_లెక్కలు
తల సీటీలో ఒంటికి తగిలే రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్ట్లు. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి సగటున 2.4 వస్తుంది, అది ప్రపంచ సగటు. అంటే పది నెలలు మామూలుగా బతికినంత. ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే ఎక్కువే, బావమరిది లెక్క పూర్తిగా తప్పు కాదు. కానీ తలకి దెబ్బ తగిలి డాక్టర్ అనుమానపడ్డప్పుడు లోపల రక్తం గడ్డకట్టిందో లేదో తెలియకపోవడమే అసలు ప్రమాదం. బాబు బాగున్నాడు కదా, నిద్రపోండి.

స్కాన్_సుబ్బలక్ష్మి
గ్రే గారూ, మీరు ధైర్యం చెప్పడం మంచిదే గానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరు డాక్టర్ చీటీ లేకుండా "ఒకసారి ఒళ్ళంతా సీటీ తీసేయండి, డబ్బులిస్తాం" అంటారు. పది నెలలే కదా అని ఏడాదికి మూడుసార్లు తీయించుకుంటే? పిల్లలకి ఇంకా జాగ్రత్త.

గ్రే_లెక్కలు
దానికి నేను ఎప్పుడూ మీ వైపే. అవసరం ఉంటే తీయాలి, లేకపోతే ఉచితంగా తీస్తామన్నా వద్దనాలి.

ఒక_నాన్న
ఇద్దరికీ థాంక్స్. బావమరిదికి ఫార్వర్డ్ చేశా. చూశాడు, జవాబు లేదు.

బ్యాక్‌బెంచ్_భీముడు
సీటీ సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా. చుట్టూ ఎక్స్‌రేలు తీస్తే మధ్యలో ముక్క కోసినట్టు బొమ్మ ఎలా వస్తుంది? సార్ ఫూరియర్ అన్నారు, నేను పడుకున్నా.

పాత_మేష్టారు
ఇదిగో, ఇక్కడ లెక్క లేకుండా కుదరదని అన్నాను. కానీ ఫూరియర్ దాకా పోనక్కర్లేదు. కాగితం తీయి. రెండు అడ్డం, రెండు నిలువు, నాలుగు గళ్ళు గీయి. ఒక్కో గడిలో నేనొక అంకె దాచాను. అంకె ఎంత పెద్దదైతే అక్కడ ఎముక అంత గట్టిది అనుకో. లోపల చూడటానికి వీల్లేదు, పక్కనుంచి కిరణం పంపితే ఆ వరస మొత్తం మాత్రమే తెలుస్తుంది. పై వరస 8, కింది వరస 8. ఎడమ నిలువు 7, కుడి నిలువు 9. అంకెలు చెప్పు.

బ్యాక్‌బెంచ్_భీముడు
పైన 4, 4. కింద 3, 5. ఇంత తేలికా!

పాత_మేష్టారు
తప్పు. నేను దాచినవి పైన 5, 3. కింద 2, 6.

బ్యాక్‌బెంచ్_భీముడు
మేష్టారూ ఇదన్యాయం, నావీ సరిపోయాయి కదా. లెక్క చూసుకోండి.

పాత_మేష్టారు
సరిపోయాయి. అదే పాయింటు. రెండు వైపుల నుంచి చూస్తే ఒకటి కంటే ఎక్కువ జవాబులు వస్తాయి. ఇప్పుడు మూలగా ఇంకో కిరణం పంపాను, పై ఎడమ నుంచి కింది కుడికి: 11. నీ లెక్కలో అక్కడ 9 వస్తుంది. కాబట్టి నీది పోయింది, నాది నిలిచింది. సీటీ యంత్రం గుండ్రంగా తిరుగుతూ వందల కోణాల నుంచి చూసేది అందుకే. నాలుగు గళ్ళ బదులు 512 అడ్డం, 512 నిలువు వేసుకో.

బ్యాక్‌బెంచ్_భీముడు
ఇది క్లాసులో చెప్పి ఉంటే నేను పడుకునేవాణ్ణి కాదు. అంటే, ఆలస్యంగా పడుకునేవాణ్ణి.

పాత_మేష్టారు
సీటీకి 1979లో హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకి నోబెల్ వచ్చింది, అది అందరికీ తెలుసు. కానీ చెన్నైలో కూర్చుని ఇది చదువుతున్నవాళ్ళు జి.ఎన్. రామచంద్రన్ పేరు వినకపోవడం నాకు బాధ. మద్రాసు విశ్వవిద్యాలయం గిండీ క్యాంపస్‌లో ప్రొటీన్ల మీద పనిచేసిన మనిషి. ఆయనా, ఆయన సహచరుడు ఎ.వి. లక్ష్మీనారాయణన్ కలిసి 1971లో ఒక పేపర్ వేశారు. ఎక్స్‌రే నీడల నుంచి లోపలి బొమ్మని తిరిగి కట్టడానికి ఫూరియర్ చుట్టుదారి లేకుండా కన్వల్యూషన్‌తో, అంటే ఒక్కో నీడని ముందు ఒక ఫిల్టర్ గుండా పోనిచ్చి, చేసే పద్ధతి. ఆ రోజుల కంప్యూటర్ల మీద అది ఎంత సమయం మిగిల్చిందో ఊహించుకోండి. ఇప్పటికీ ఆ ఫిల్టర్‌ని వాళ్ళిద్దరి పేర్లు కుదించి రామ్-లాక్ అనే అంటారు. లండన్‌లో మొదటి పేషెంట్‌కి సీటీ తీసింది కూడా అదే 1971లో, అక్టోబర్ 1న.

తాంబరం_లోకల్
మా స్లయిడ్‌లో రామ్-లాక్ అని ఉంది సార్! ఏదో కంపెనీ పేరనుకున్నా.

వేలచేరి_వెంకన్న
నేను తాళం పేరనుకున్నా.

గూడూరు_పిల్ల
ఎమ్మారై సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ఆ చప్పుడేంటి అసలు? డ్రిల్లింగ్ మెషిన్ తలలో పెట్టినట్టు.

గ్రే_లెక్కలు
పెద్ద అయస్కాంతం చప్పుడు చేయదు, ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల చలిలో మెదలకుండా ఉంటుంది. దానికి తోడు ఇంకొన్ని చుట్లు ఉంటాయి, బొమ్మలో ఏ చుక్క ఎక్కడిదో తెలియడానికి. వాటిలో కరెంటు క్షణక్షణం మారుతుంటుంది. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగలో కరెంటు పోతే తీగ మీద బలం పడుతుంది, అది ఇంటర్‌లో చదివిందే. ఆ బలానికి చుట్లు అదురుతాయి. మీరు విన్న టకటక అదే.

తాంబరం_లోకల్‌కి ఇంకో మాట. 1.5 టెస్లా మెషిన్‌లో నీటిలోని ప్రోటాన్లు దాదాపు 64 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతాయి, 3 టెస్లాలో 128. మీ ఎఫ్ఎమ్ రేడియో 88 నుంచి 108, సరిగ్గా వాటి మధ్యలో. ఒంట్లోంచి వచ్చే సిగ్నల్ మరీ సన్నం కాబట్టి బయటి రేడియో లోపలికి రాకుండా గది మొత్తం రాగి రేకుతో కప్పుతారు. లార్మర్ ఫ్రీక్వెన్సీ అంటే ప్రోటాన్లు పలికే ఆ ఫ్రీక్వెన్సీయే, ఇంతే, ఇంకేమీ భయపడకు.

స్కాన్_సుబ్బలక్ష్మి
ఎమ్మారైలో మాకు పెద్ద తగువు మెషిన్‌తో కాదు, మంగళసూత్రంతో. బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా అని చదువుకున్నవాళ్ళు కూడా వాదిస్తారు. అంటుకోకపోయినా రేడియో తరంగాలకి లోహం వేడెక్కొచ్చు, బొమ్మా పాడవుతుంది. పెద్దావిడ ఒకామె అరగంట ఏడ్చింది, తీయనంటే తీయనని. చివరికి మా ఆయమ్మ పరిగెత్తి పసుపు కొమ్ము కట్టిన దారం తెచ్చి మెళ్ళో వేసింది, అప్పుడు గొలుసు తీసిచ్చింది. ఆ రోజు నుంచి మా డ్రాయర్‌లో పసుపు కొమ్ములు స్టాకు ఉంటాయి. పిన్నీసులు మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు మర్చిపోతారు, అవి నిజంగా ఎగురుతాయి.

పాత_మేష్టారు
అమ్మా, మీరు గెస్ట్ లెక్చర్ ఇవ్వాలి.

బ్యాక్‌బెంచ్_భీముడు
మేష్టారు ఓడిపోయారు, నమోదు చేసుకోండి.

తాంబరం_లోకల్
అన్నీ బాగున్నాయి గానీ ప్రాజెక్ట్? పన్నెండు రోజులుంది.

గ్రే_లెక్కలు
కంప్యూటర్ సైన్స్ కదా నువ్వు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్ళు, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్, దాన్ని నడపడానికి కోడ్ రాసుకునే చిన్న ఆర్డుయినో బోర్డు తెచ్చుకో. సెన్సర్ ధ్వని పంపుతుంది, ఎదురుగా తగిలి తిరిగొచ్చే సమయం చెప్తుంది. దాన్ని వేగంతో గుణించి సగం చేస్తే దూరం. స్కాన్ మెషిన్ చేసే పని కూడా అదే. గాలిలో వేగం సెకనుకి 343 మీటర్లు, ఒంట్లో దాదాపు 1540.

బ్యాక్‌బెంచ్_భీముడు
అయితే ఆ సెన్సర్ పొట్ట మీద పెడితే స్కాన్ అయిపోతుందా?

స్కాన్_సుబ్బలక్ష్మి
జెల్ గురించి అంతసేపు చెప్పింది ఎవరికి నాయనా?

గ్రే_లెక్కలు
జెల్ పూసినా కుదరదు. అది 40 కిలోహెర్ట్జ్, గాలిలో తరంగం పొడవు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అంతకంటే చిన్నది దానికి ఆనదు. సుబ్బలక్ష్మి గారు వాడేది 3.5 మెగాహెర్ట్జ్, దాని తరంగం పొడవు ఒంట్లో అర మిల్లీమీటర్ కూడా ఉండదు.

తాంబరం_లోకల్
పని చేస్తోంది! నిన్న రాత్రి పుస్తకాన్ని 30 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టా, 30 చూపించింది. తర్వాత తమాషాకి కోడ్‌లో వేగం 343 తీసేసి 1540 పెట్టా. అదే పుస్తకం 135 సెంటీమీటర్లంటోంది. మెషిన్ దూరాన్ని చూడట్లేదు, సమయాన్నే చూస్తోంది, మిగతాది మనం నమ్మించిన వేగం. అక్కా, మరి మీ స్కాన్ మెషిన్ కూడా ఇలాగే 1540 అని నమ్ముతుందా? ఒంట్లో అంతటా అదే వేగం ఉండదు కదా?

స్కాన్_సుబ్బలక్ష్మి
నమ్ముతుంది. కొవ్వులో వేగం తక్కువ, 1450 దగ్గర. లావుగా ఉన్నవాళ్ళకి కొలతలు కాస్త అటూ ఇటూ అవుతాయి. బాగా అడిగావు, పద్నాలుగేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు.

తాంబరం_లోకల్
ఇవాళే ప్రెజెంటేషన్ అయింది. ముందు పుస్తకం పెట్టి 30 చూపించా, తర్వాత వేగం మార్చి 135. సార్ కళ్ళజోడు తీసి స్క్రీన్ దగ్గరికొచ్చారు, మొదటిసారి స్లయిడ్ కాకుండా ఏదో చూశారు. అడిగిన ప్రశ్న ఒకటే: "మధ్యలో కొవ్వు ఉంటే?" నేను 1450 అన్నా. "ఎక్కడ చదివావు?" అన్నారు. చదవలేదు సార్, స్కాన్ సెంటర్‌లో ఒక అక్క చెప్పిందన్నా. క్లాసంతా నవ్వింది. 18 ఇచ్చారు. వచ్చే వారం స్కాన్ సెంటర్‌కి తీసుకెళ్ళడానికి హెచ్‌ఓడీని మళ్ళీ అడుగుతానన్నారు, చూడాలి.

స్కాన్_సుబ్బలక్ష్మి
వస్తే మా దగ్గరికే రండి. పిన్నీసులు తీసేసి.

వేలచేరి_వెంకన్న
ఆ సెన్సర్ ఇంకా ఉందా? నాకు వచ్చే నెల ప్రాజెక్ట్.

తాంబరం_లోకల్
ఉంది. ఒక బిర్యానీ.